తీర్పు వచ్చింది.. తలుపు తెరుచుకోలేదు

ఉద్యోగం కోసమో, శిక్షణ కోసమో జిల్లాల నుంచి హైదరాబాదు చేరే యువకుడికి బస్సు దిగగానే ఎదురయ్యే ప్రశ్నలు రెండే. ఎక్కడ ఉండాలి? పని ముగిశాక పొద్దు ఎక్కడ పుచ్చాలి? మొదటిదానికి ఊరివాళ్లో, ముందే వచ్చి స్థిరపడిన సీనియర్లో అమీర్‌పేట, ఎస్సార్ నగర్ హాస్టళ్ల చిరునామాలు చేతిలో పెడతారు. రెండోదానికి గదిలోని స్నేహితులే దారి చూపుతారు. అదే యువకుడు స్వలింగ ప్రేమికుడైతే మాత్రం ఆ రెండు ప్రశ్నలూ గొంతు దాటి బయటకు రావు. అడగదగినవారు కనిపించరు. కనిపించినా అడిగే ధైర్యం చాలదు.

పరస్పర సమ్మతితో వయోజనుల మధ్య ఉండే స్వలింగ సంబంధం నేరం కాదని అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం 2018 సెప్టెంబరు 6న ఏకగ్రీవంగా ప్రకటించింది. 1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్ ఆ మేరకు చెల్లకుండా పోయింది. ఆనాడు పత్రికల మొదటి పేజీలు ఇంద్రధనుస్సు రంగులతో నిండాయి. అయితే నేరం కాదని తేల్చిన చట్టం, ఆ మనిషికి గది ఇవ్వవలసినవారి గురించి గానీ, నలుగురితో కలిసి కూర్చోవలసిన చోటు గురించి గానీ ఏమీ చెప్పలేదు. ఆ ఖాళీలోనే నేడు బెదిరింపు ముఠాలు బతుకుతున్నాయి. జిల్లాల నుంచి వెళ్లిన పిల్లలే వాటికి తేలికగా చిక్కుతున్నారు. ఈ విషయం గురించి బాహాటంగా మాట్లాడుకోవలసిన అవసరం ఇక్కడే ఉంది.

మాట గురించి ఒక ముక్క. తెలుగు పత్రికలు చాలాకాలంగా వాడుతూ వచ్చిన 'స్వలింగ సంపర్కులు' అనే పదం మనిషిని పక్కనబెట్టి పడకగదిని మాత్రమే చూపుతుంది. భార్యాభర్తలను ఎవరూ ఆ రీతిన పిలవరు. అందుచేత ఈ వ్యాసంలో స్వలింగ ప్రేమికులు అనే మాటనే వాడుతున్నాము.

అడగనంతవరకు గది

నాంపల్లి, సికింద్రాబాదు స్టేషన్ల ఎదుట, గౌలిగూడ బస్టాండు పరిసరాలలో, లక్డీకాపూల్ వీధులలో ఉన్న లాడ్జీలలో ఇద్దరు మగవాళ్లు కలిసి ఒక గది అడిగితే గుమాస్తా తలెత్తి చూడడు. గుర్తింపు కార్డుల నకళ్లు తీసుకుని, రిజిస్టరులో సంతకం పెట్టించుకుని తాళం ఇస్తాడు. ఒక యువకుడు, ఒక యువతి వెళితేనే ప్రశ్నల పరంపర మొదలవుతుంది. పెళ్లయిందా, కార్డులో చిరునామా ఒకటేనా, ఏం పని మీద వచ్చారు అంటూ ఆరా తీస్తారు. పెళ్లికాని జంట హోటలు గదిలో ఉండటాన్ని ఏ చట్టమూ నిషేధించలేదని కోయంబత్తూరుకు చెందిన ఒక వ్యవహారంలో మద్రాసు హైకోర్టు 2019 డిసెంబరులోనే స్పష్టం చేసింది. అయినా 2025 జనవరిలో ఓయో సంస్థ మీరట్‌లోని తన భాగస్వామ్య హోటళ్లకు పెళ్లికాని జంటలను నిరాకరించే వెసులుబాటు ఇచ్చిన సంగతి విదితమే.

ఈ లెక్కన స్వలింగ ప్రేమికులకు గది దొరకడం సులభమే కదా అనిపిస్తుంది. దొరుకుతుంది నిజమే. కానీ అది అజ్ఞానం ఇచ్చిన గది. వారెవరో గుమాస్తాకు తెలియనంతవరకే దాని ఆయుష్షు. నడకలోనో, దుస్తులలోనో, మాటతీరులోనో కాస్త తేడా కనబడితే 'గదులు ఖాళీ లేవు' అనే జవాబు సిద్ధంగా ఉంటుంది. రాత్రి పది దాటాక కలవడానికి మరో వ్యక్తి వస్తే కౌంటరు వద్దే ఆపేస్తారు. నగరంలోనే నివసించేవారికైతే మరొక చిక్కు ఉంది. స్థానిక చిరునామా ఉన్న ఆధార్ కార్డు చూపితే గది ఇవ్వని లాడ్జీలు అనేకం. ఊళ్లోనే ఇల్లు పెట్టుకుని లాడ్జీకి ఎందుకొచ్చారన్నది వారి అనుమానం. ఇంట్లో తల్లిదండ్రులతోనో, హాస్టలులో నలుగురితోనో ఉండే మనిషికి నగరం మొత్తం మీద తలుపు గడియ వేసుకోగల నాలుగు గోడలు ఎక్కడా ఉండవు.

ఇంటర్నెట్ ద్వారా ఇళ్లు, గదులు అద్దెకిచ్చే ఎయిర్‌బీఎన్‌బీ సంస్థ 2016 నుంచి తన ఆతిథేయులందరి చేత వివక్ష చూపబోమన్న అంగీకారాన్ని తప్పనిసరి చేసింది. లైంగిక ధోరణి కూడా ఆ జాబితాలో ఉంది. ఒక విదేశీ వ్యాపార సంస్థ షరతుల పత్రంలో కనబడే మాట మన రాష్ట్రాల అద్దె చట్టాలలో కానరాకపోవడం గమనార్హం.

బ్యాచిలర్ల బోర్డు వెనుక

లాడ్జీ ఒకటి రెండు రాత్రుల ముచ్చట. నెలల తరబడి ఉండవలసిన ఇంటి సంగతి వేరు. మధురానగర్ మొదలుకొని కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు వరకు 'టు లెట్' బోర్డు కింద 'ఫ్యామిలీలకు మాత్రమే' అన్న పంక్తి సర్వసాధారణం. బ్యాచిలర్లకు ఇచ్చే ఇళ్లు మేడ మీద గదులో, వెనుకవైపు వాటాలో అయి ఉంటాయి. ఇరవై మూడేళ్ల ఇద్దరు కుర్రవాళ్లు కలిసి ఉంటే రూమ్మేట్లు అంటారు. ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఆ ఇద్దరే ముప్ఫై అయిదేళ్లు వచ్చినా విడిపోకుండా, పెళ్లి ఊసెత్తకుండా అదే వాటాలో ఉంటే ఇంటావిడ పలకరింపు మారుతుంది. 'పెళ్లి ఎప్పుడు బాబూ' అన్న ఆప్యాయత కొంతకాలానికి 'మా అబ్బాయి వస్తున్నాడు, ఇల్లు ఖాళీ చేయాలి' అన్న కబురుగా పరిణమిస్తుంది. కారణం ఎవరూ చెప్పరు. చెప్పని కారణం మీద ఏ కోర్టుకూ వెళ్లలేరు.

కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం లిఖితపూర్వక ఒప్పందాన్ని తప్పనిసరి చేయాలంది. నివాస గృహాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదంది. ఇంత వివరంగా రాసిన ఆ పత్రంలో కులం, మతం, ఒంటరితనం, లైంగిక ధోరణి కారణంగా ఇల్లు నిరాకరించకూడదన్న వాక్యం లేదు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల విషయంలో మాత్రం 2019లో పార్లమెంటు చేసిన చట్టం ఇల్లు అద్దెకు తీసుకోవడంలో, నివసించడంలో వివక్షను నిషేధించింది. స్వలింగ ప్రేమికులకు ఆ పాటి ఆధారం కూడా లభించలేదు.

మహిళల విషయంలో అడ్డంకి ఇంటి యజమాని కంటే ముందు కన్నవారి రూపంలో వస్తుంది. విజయవాడలో కలిసి ఉంటున్న ఇద్దరు యువతులలో ఒకరిని తండ్రి బలవంతంగా తీసుకువెళ్లారన్న ఫిర్యాదుపై ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2024 డిసెంబరులో విచారణ జరిపింది. ఆమెను ఎదుటికి పిలిపించి అభిప్రాయం తెలుసుకుంది. మేజరైన ఆమెకు నచ్చిన వ్యక్తితో కలిసి ఉండే హక్కు ఉందనీ, తల్లిదండ్రులు జోక్యం చేసుకోరాదనీ తేల్చి చెప్పింది. ఆ ఇద్దరికీ హైకోర్టు తలుపు తట్టే శక్తి ఉంది కాబట్టి కథ అలా ముగిసింది. ఆ శక్తి లేని ఇళ్లలో ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు.

ఒకే పంక్తిలో హోటలు, వినోదశాల

బస గురించి, వినోదం గురించి మాట్లాడటం విలాసవంతుల గొడవ అని కొట్టిపారేసేవారు రాజ్యాంగంలోని 15వ అధికరణం రెండో క్లాజును ఒకసారి చదవడం మంచిది. దుకాణాలు, భోజనశాలలు, హోటళ్లు, ప్రజా వినోద స్థలాలలోకి ప్రవేశం విషయంలో మతం, జాతి, కులం, లింగం, జన్మస్థలం కారణంగా ఏ పౌరుడికీ ఆంక్ష విధించరాదని అది శాసిస్తున్నది. ప్రాథమిక హక్కులలో అధికభాగం ప్రభుత్వాన్ని కట్టడి చేసేవే. ఈ క్లాజు మాత్రం కౌంటరు వెనుక కూర్చున్న ప్రైవేటు వ్యక్తిని కూడా కట్టడి చేస్తుంది. కాఫీ హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి చూసిన తెలుగు పల్లెలకు ఆ పంక్తి విలువ వేరే చెప్పనక్కరలేదు.

దుకాణం అన్న మాటకు అర్థం ఏమిటని 1948 నవంబరులో రాజ్యాంగ సభలో ప్రశ్న వచ్చింది. వచ్చినవారెవరికైనా సేవ అందించేందుకు యజమాని సిద్ధంగా ఉన్న ప్రతి చోటూ దుకాణమేనని, క్షురకుడు, రజకుడు కూడా అందులోకే వస్తారని డాక్టర్ అంబేద్కర్ వివరణ ఇచ్చారు. ఆ విశాలార్థాన్నే సుప్రీంకోర్టు 2011లో భారత వైద్య సంఘం కేసులో ఆమోదించి, ప్రైవేటు విద్యాసంస్థలకూ వర్తింపజేసింది. ఇక 2018 తీర్పులో న్యాయమూర్తులు డీవై చంద్రచూడ్, ఇందూ మల్హోత్రా మరో అడుగు వేశారు. లైంగిక ధోరణి ఆధారంగా చూపే వివక్ష 15వ అధికరణంలో చెప్పిన 'లింగం' అన్న మాట కిందికే వస్తుందన్నారు. ఈ మూడింటినీ కలిపి చదివితే, స్వలింగ ప్రేమికుడన్న కారణంతో లాడ్జీలో గది నిరాకరించడం, పబ్బు గుమ్మం వద్ద ఆపడం రాజ్యాంగ విరుద్ధమని వాదించడానికి గట్టి ఆధారమే ఉంది.

వాదనకు ఆధారం ఉన్నా, ఆచరణకు యంత్రాంగం లేదు. గది నిరాకరించిన లాడ్జీ మీద ఏ అధికారికి ఫిర్యాదు చేయాలి, జరిమానా ఎంత, ఎన్ని రోజుల్లో తేల్చాలి అన్నది చెప్పే శాసనం రాలేదు. లైంగిక ధోరణిని కూడా చేర్చి వివక్ష నిరోధక బిల్లును శశి థరూర్ 2017లో లోక్‌సభలో ప్రైవేటు బిల్లుగా ప్రవేశపెట్టారు. అది చట్టం కాలేదు. హౌసింగ్ సొసైటీల విషయంలో పరిస్థితి మరీ అధ్వాన్నం. సభ్యత్వాన్ని పార్శీలకే పరిమితం చేసుకున్న అహ్మదాబాదు సొసైటీ నిబంధనను సుప్రీంకోర్టు 2005లో సమర్థించింది. కట్టడి హోటలుకే పరిమితమై ఇంటి గుమ్మం వద్ద ఆగిపోతుందన్నమాట.

'స్టాగ్'లకు ప్రవేశం లేదు

రాత్రి వినోదం సంగతి చూద్దాం. గే బార్ అని బోర్డు పెట్టిన స్థలం హైదరాబాదులో లేదు. ఉన్నదల్లా 'ఒక రాత్రి' పద్ధతి. నిర్వాహకులు కొందరు జూబ్లీహిల్స్‌లోనో, గచ్చిబౌలి వైపో ఒక పబ్బుతో మాట్లాడుకుని ఒక్క సాయంత్రానికి దాన్ని తీసుకుంటారు. సమాచారం తెలిసినవారి ద్వారా, సామాజిక మాధ్యమాల ద్వారా పాకుతుంది. దేశంలోని ఇతర నగరాలలోనూ మొదలు ఇలాగే ఉండేది. 2000వ దశకంలో ఢిల్లీ చాణక్యపురిలోని పెగ్స్ అండ్ పైంట్స్ అనే పబ్బు మంగళవారం రాత్రులకు ప్రసిద్ధి. మంగళవారమే ఎందుకంటే వారం మధ్యలో బేరం ఉండదు. శుక్ర, శనివారాలు మామూలు ఖాతాదారులతో నిండే వ్యాపారి, ఖాళీగా పడివుండే రోజును వీరికి ఇస్తాడు. ఇందులో ఉదారత కంటే గల్లా పెట్టె లెక్కే ఎక్కువ. ఆ లెక్క వల్లనే దొరికిన చోటు అది. 2011లో అదే ఢిల్లీలోని లలిత్ హోటలులో మొదలైన కిట్టీ సూ క్లబ్బు, స్వలింగ ప్రేమికులను దాపరికం లేకుండా ఆహ్వానించిన తొలి స్టార్ హోటలు వేదికల్లో ఒకటి. ఆ హోటళ్ల నిర్వాహకుడు కేశవ్ సూరి 377వ సెక్షన్‌పై సుప్రీంకోర్టుకు వెళ్లిన పిటిషనర్లలో ఒకరు కావడం విశేషం.

హైదరాబాదులో అసలు అడ్డంకి గుమ్మం వద్దనే ఉంది. వారాంతాల్లో జంటలకే ప్రవేశం, 'స్టాగ్'లకు లేదు అన్నది అనేక పబ్బుల నియమం. స్టాగ్ అంటే ఆడతోడు లేని మగవాడు. మద్యం మత్తులో మహిళలను వేధించే గుంపులను కట్టడి చేయడానికే ఈ నియమమని యాజమాన్యాలు చెబుతాయి. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. పబ్బులలో మహిళల భద్రత గాలికి వదిలేయదగిన విషయం కాదు. అయితే ఈ నియమం లెక్కలో చెట్టపట్టాలు వేసుకుని వచ్చిన ఇద్దరు పురుషులు జంట కానేకారు, ఇద్దరు స్టాగ్‌లవుతారు. వారు లోపలికి పోవాలంటే ఇద్దరు స్నేహితురాళ్లను బతిమాలుకోవాలి. ప్రవేశానికి ప్రవర్తనను కొలబద్దగా పెట్టుకుని, లోపల తప్పుచేసినవాడిని బయటకు పంపే ఏర్పాటు ఉంటే మహిళలకూ మేలు, వీరికీ మేలు. బౌన్సర్ల జీతం మీద కాస్త అదనపు ఖర్చు తప్ప అందులో యాజమాన్యాలకు వచ్చే నష్టం ఏమీ కానరాదు.

పబ్బు అందరికీ అందేది కాదన్నది మరో సంగతి. తెలంగాణలో మద్యం సేవించడానికి కనీస వయసు 21 ఏళ్లు. ఢిల్లీలో 25. ఒక సాయంత్రం ఖర్చు హాస్టలు కుర్రవాడి పది రోజుల భోజనం ఖర్చుకు సమానం. అందుచేత మద్యంతో నిమిత్తం లేని చోట్లే అసలైన ఆదరువు. బంజారాహిల్స్‌లో 2010లో ప్రారంభమైన లామకాన్‌లో టీ, సమోసా ఖర్చుతో సాయంత్రం గడిచిపోతుంది. నాటకాలు, చర్చలు, సినిమా ప్రదర్శనలతోపాటు లైంగిక అల్పసంఖ్యాకుల సమావేశాలకూ ఆ వేదిక చోటిచ్చింది. బెంగళూరులో గుడ్ యాజ్ యూ అనే బృందం 1994 నుంచి సమావేశాలు నిర్వహిస్తూ వచ్చింది. ముంబయిలో అశోక్ రావు కవి అదే ఏడాది హమ్‌సఫర్ ట్రస్టును నెలకొల్పారు. హైదరాబాదు తన తొలి ప్రైడ్ యాత్రను చూసింది 2013లో. ఈ ఆలస్యానికి కారణాలు అనేకం ఉండవచ్చు. అందులో ఒకటి మాత్రం నగర ప్రజలు ఇంట్లో కూర్చుని టీవీలో చూసినదే.

ఒక రాత్రి ప్రసారం

2011 ఫిబ్రవరిలో టీవీ9 తెలుగు చానల్ హైదరాబాదులో గే సంస్కృతి ప్రబలిపోయిందంటూ ఒక ప్రత్యేక కథనం ప్రసారం చేసింది. పార్టీలు జరిగే పబ్బుల దృశ్యాలు చూపింది. ఒక వెబ్‌సైటులో పరిచయాల కోసం వివరాలు పెట్టుకున్న వ్యక్తులకు ఫోను చేసి, వారి సంభాషణలను ప్రసారం చేసింది. స్వలింగ సంబంధాన్ని ఢిల్లీ హైకోర్టు 2009 జూలైలో నేర పరిధి నుంచి తొలగించి అప్పటికి ఏడాదిన్నర దాటింది. అంటే నేరం కాని పనికి మనుషులను తెర మీద దోషులుగా నిలబెట్టారు. వార్తా ప్రసార ప్రమాణాల సంస్థ మార్చిలో ఆ చానల్‌కు లక్ష రూపాయల జరిమానా విధించి, క్షమాపణను ప్రసారం చేయవలసిందిగా ఆదేశించింది. గోప్యతకు భంగం కలిగించారని, అనవసర సంచలనానికి పాల్పడ్డారని తప్పుపట్టింది.

అంతకు ఏడాది ముందు, 2010 ఫిబ్రవరిలో, అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో మరాఠీ ఆచార్యుడు రామచంద్ర సిరాస్ నివాసంలోకి కొందరు కెమెరాతో జొరబడ్డారు. విశ్వవిద్యాలయం ఆయననే సస్పెండ్ చేసింది. అలహాబాదు హైకోర్టు ఏప్రిల్ 1న ఆ సస్పెన్షన్‌ను నిలిపివేసింది. వారం తిరగకుండానే ఆయన తన అద్దె గదిలో శవమై కనిపించారు. ఒకరిది సొంత బస, మరికొందరిది ఒక సాయంత్రపు విందు. రెండు చోట్లా తలుపు లోపలి జీవితాన్ని కెమెరా వీధిలోకి ఈడ్చింది.

గోప్యత ప్రాథమిక హక్కు అని తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న ఇచ్చిన తీర్పు, లైంగిక ధోరణిని కూడా ఆ రక్షణలోకి తెచ్చింది. నేటి చానళ్లు అంత బాహాటంగా తెగించకపోవచ్చు. కానీ కెమెరా ప్రతి జేబులోకి వచ్చేసింది. ఆనాడు చానల్ చేసిన పనిని ఇప్పుడు ఇద్దరు ముగ్గురు కుర్రవాళ్ల ముఠా చేయగలుగుతున్నది.

పరిచయం ఫోనులో, ఉచ్చు గదిలో

చోటు లేనివారికి ఫోనే చోటు అయింది. 2009లో వచ్చిన గ్రైండర్ వంటి యాప్‌లు దగ్గరలో ఉన్న సాటివారిని క్షణంలో చూపిస్తాయి. వాటి వల్ల ఒంటరితనం తగ్గిన వారు అసంఖ్యాకంగా ఉన్నారు. దానితోపాటే ఒక నేరం స్థిరపడింది. యాప్‌లో మంచిగా మాట్లాడినవాడు ఒక గదికి పిలుస్తాడు. వెళ్లాక మరో ముగ్గురు ప్రత్యక్షమవుతారు. కొట్టి, వీడియో తీసి, ఫోను లాక్కుని యూపీఐ ద్వారా ఖాతా ఖాళీ చేయిస్తారు. ఊరికి ఫోను చేసి నాన్నకు చెబుతామంటారు. ఢిల్లీ పరిసర నగరాలలో ఇలాంటి ముఠాలను పోలీసులు పట్టుకున్న వార్తలు పలుమార్లు వెలువడ్డాయి. ఫిర్యాదు దాకా రానివి ఎన్నో ఎవరి లెక్కకూ అందవు. నగర కుర్రవాడికి కనీసం ఒక మిత్ర బృందం ఉంటుంది. పండుగకు ఊరు వెళ్లవలసిన జిల్లా కుర్రవాడు 'ఇంట్లో తెలుస్తుంది' అన్న ఒక్క మాటకే లొంగిపోతాడు. ముఠాల పెట్టుబడి ఆ భయమే.

అందువల్ల కొన్ని సంగతులు స్పష్టంగా చెప్పవలసి ఉంది. తొలి పరిచయం నలుగురూ ఉండే హోటలులోనో, మెట్రో స్టేషను వద్దనో పెట్టుకోవాలి. వీడియో కాల్‌లో ముఖం చూపడానికి నిరాకరించేవాడిని, మాటల మధ్యలో ఉన్నట్టుండి చోటు మార్చేవాడిని నమ్మరాదు. ఎక్కడికి వెళుతున్నదీ నమ్మకస్తుడైన ఒక్క మిత్రుడికైనా తెలియాలి. బస ఎంచుకునేటప్పుడు చవక ఒక్కటే చూడరాదు. పబ్బులు, సమావేశ స్థలాలు పశ్చిమాన ఉంటే లాడ్జీలు పాతబస్తీ అంచున, స్టేషన్ల వద్ద ఉన్నాయి. అర్ధరాత్రి వేళకు మెట్రో ఉండదు. పదిహేను కిలోమీటర్లు ఒంటరిగా ఆటోలో తిరిగిరావడం కంటే అమీర్‌పేట నుంచి రాయదుర్గం దాకా మెట్రో మార్గం వెంబడి గది తీసుకోవడం, అద్దె కాస్త ఎక్కువైనా, భద్రతకు మేలు. గది బుక్ చేసేటప్పుడే ఇద్దరి పేర్లూ, ఇద్దరి కార్డులూ రిజిస్టరుకు ఎక్కించడం మరచిపోరాదు. పేరు లేని అతిథిగా పట్టుబడితేనే గుమాస్తాకైనా, తనిఖీకి వచ్చిన కానిస్టేబుకైనా బెదిరించే సందు దొరుకుతుంది. ఇద్దరు మేజర్లు సక్రమంగా తీసుకున్న గదిలో ఉండటం నేరం కాదు.

ఉచ్చులో పడినవారు తెలుసుకోవలసింది మరొకటి ఉంది. బెదిరించి డబ్బు గుంజడం భారతీయ న్యాయ సంహిత 308వ సెక్షన్ కింద, దోపిడీ 309 కింద నేరాలు. అనుమతి లేకుండా నగ్న దృశ్యాలు చిత్రీకరించడం ఐటీ చట్టం 66ఈ కిందికి వస్తుంది. కొత్త నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం ఏ పోలీసు స్టేషనులోనైనా, నేరం ఎక్కడ జరిగినా, ఫిర్యాదు తీసుకోవలసిందే. ఖాతా నుంచి సొమ్ము పోతే వెంటనే 1930కి ఫోను చేయాలి. బాధితుడు తాను నేరస్థుడినేమోనన్న శంకతో 377ను తలచుకుని వెనుకాడనక్కరలేదు.

ఇక్కడ ఒక లోటు కూడా దాచరానిది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన న్యాయ సంహిత 377వ సెక్షన్‌ను పూర్తిగా వదిలేసింది. సమ్మతి లేని చర్యలను శిక్షించడానికి సుప్రీంకోర్టు నిలిపి ఉంచిన భాగం కూడా దానితోనే పోయింది. ఫలితంగా వయోజనుడైన పురుషుడిపై లైంగిక దాడి జరిగితే దానికి సూటిగా వర్తించే సెక్షన్ కొత్త స్మృతిలో లేదు. గాయపరచడం, నిర్బంధించడం వంటి నేరాల కిందనే కేసు పెట్టవలసి వస్తున్నది. ఈ ఖాళీని ఎత్తిచూపుతూ దాఖలైన పిటిషన్‌పై ఢిల్లీ హైకోర్టు 2024 ఆగస్టులో కేంద్రాన్ని నిర్ణయం తీసుకోవలసిందిగా కోరింది. ప్రేమకు శిక్ష తొలగించడంలో చూపిన తొందర, అత్యాచారానికి శిక్ష ఉంచడంలో లేకపోయింది.

సరిహద్దు దాటితే

మన జిల్లాల నుంచి గల్ఫ్ వెళ్లేవారు మరింత జాగ్రత్తగా ఉండవలసి ఉంది. సౌదీ అరేబియా, కువైట్, ఖతర్, యూఏఈలలో స్వలింగ సంబంధం నేటికీ నేరమే. నిజామాబాదు, కరీంనగర్, కోనసీమల నుంచి వెళ్లి లేబర్ క్యాంపులలో ఉండేవారు ఫోనులో ఇలాంటి యాప్ ఉంచుకోవడమే ప్రమాదకరం. సింగపూర్ తన 377ఏ సెక్షన్‌ను 2023 జనవరి నుంచి రద్దు చేసింది. థాయిలాండ్ 2025 జనవరి 23 నుంచి స్వలింగ వివాహాలను నమోదు చేస్తున్నది. బ్యాంకాక్‌లోని సీలోమ్ వీధి సందులలో బార్లు బోర్డులు పెట్టుకుని నడుస్తాయి. అక్కడి హోటళ్లలో ఇద్దరు పురుషులకు ఒకే మంచం అడిగితే ఎవరూ ఆశ్చర్యపోరు.

అమెరికాలో సైతం ఇది ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1960లలో న్యూయార్కులో స్వలింగ ప్రేమికులకు మద్యం పోసిన బారు 'క్రమశిక్షణ లేని చోటు'గా ముద్రపడి లైసెన్సు పోగొట్టుకునే పరిస్థితి ఉండేది. 1966 ఏప్రిల్‌లో కొందరు కార్యకర్తలు విలేకరులను వెంటబెట్టుకుని జూలియస్ అనే బారుకు వెళ్లి, తాము స్వలింగ ప్రేమికులమని చెప్పి మరీ పానీయం అడిగారు. బారు నిరాకరించింది. ఆ నిరాకరణే వివాదానికి నాంది పలికింది. మూడేళ్లకు, 1969 జూన్‌లో, స్టోన్‌వాల్ అనే బారుపై పోలీసుల దాడికి ఎదురుతిరిగిన జనమే నేటి ప్రైడ్ యాత్రలకు మూలం. గమనించవలసినదేమిటంటే, ఆ పోరాటానికి రంగస్థలం న్యాయస్థానం కాకుండా, ఒక మామూలు తాగుడు అంగడి కావడం.

కమిటీ జాబితాలో లేనివి

స్వలింగ వివాహాలకు గుర్తింపు ఇవ్వలేమని 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు తేల్చింది. 2025 జనవరిలో పునఃసమీక్ష పిటిషన్లనూ తోసిపుచ్చింది. ఆ జంటలకు ఎలాంటి సదుపాయాలు కల్పించవచ్చో కమిటీ పరిశీలిస్తుందన్న కేంద్రం హామీని మాత్రం నమోదు చేసింది. కేబినెట్ కార్యదర్శి అధ్యక్షతన 2024 ఏప్రిల్‌లో కమిటీ ఏర్పాటైంది. అదే ఏడాది సెప్టెంబరులో సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ అప్పటికి తీసుకున్న చర్యలను వెల్లడించింది. రేషన్ కార్డులో భాగస్వామిని ఒకే కుటుంబంగా లెక్కించవచ్చు. బ్యాంకులో ఉమ్మడి ఖాతా తెరవవచ్చు, నామినీగా పేరు రాయవచ్చు. జైలులో ఉన్న భాగస్వామిని చూడటానికి వెళ్లవచ్చు. దగ్గరి బంధువులు అందుబాటులో లేనప్పుడు భౌతికకాయాన్ని స్వీకరించవచ్చు.

రేషన్ కార్డు నుంచి అంత్యక్రియల దాకా వచ్చిన ఆ జాబితాలో అద్దె ఇంటి ప్రస్తావన లేదు. హోటలు, వినోదశాలల ఊసు అసలే లేదు. రేషన్ కార్డుకైనా ఒక ఇంటి నంబరు కావాలి కదా అన్న సందేహం ఎవరికీ రాలేదు కాబోలు. బార్ లైసెన్సుల షరతులు రాష్ట్ర ఎక్సైజ్ శాఖ చేతిలో ఉన్నాయి. లాడ్జీల రిజిస్టర్లను తనిఖీ చేసేది రాష్ట్ర పోలీసులే. ఆడతోడు లేదన్న ఒక్క కారణంతో ఎవరినీ ఆపరాదని లైసెన్సులో ఒక షరతు, ఇద్దరు మేజర్లు కార్డులు చూపి తీసుకున్న గది జోలికి పోరాదని స్టేషన్లకు ఒక సర్క్యులర్.. ఈ రెండింటికీ ఢిల్లీ కమిటీ నివేదిక కోసం ఎదురుచూడవలసిన పని లేదు.